అన్నం వండే పిల్లల గది

పదో తరగతి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, ఇంట్లో అన్నం వండేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఎత్తినవాళ్ళని ఒక గదిలోకి పంపారు, ఎత్తనివాళ్ళని ఇంకో గదిలోకి పంపారు. అన్నం వండే పిల్లల గదిలో రోగుల్ని చూసుకునే కోర్సు గురించీ, కుట్టుపని గురించీ చెప్పారు. వండని పిల్లల గదిలో ఇంజనీరింగు గురించీ, మెడిసిన్ గురించీ, కలెక్టరు పరీక్ష గురించీ చెప్పారు. రెండు గదుల్లోనూ ఒకేలాంటి మార్కులు తెచ్చుకునే పిల్లలున్నారు. ఇది తప్పు. దీన్ని తప్పనడానికి డిగ్రీ అక్కర్లేదు. నాకు ఎలాగూ లేదు.

కొన్నేళ్ళ కిందటి సంగతి ఇది. ఈమధ్య విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆటో ఆగినప్పుడు మళ్ళీ గుర్తుకొచ్చింది. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నల్లటోపీ పెట్టుకున్న కుర్రాడు, మెడలో స్టెతస్కోపు వేసుకున్న అమ్మాయి, ఇద్దరి పళ్ళూ ఒకే డాక్టరు సరిచేసినట్టున్నాయి. కింద ఎర్రటి అక్షరాలతో, మీ పిల్లలు ఏమవుతారో మేం చెబుతాం అని రాసుంది. ఆటో అతనికి చూపించి, వాళ్ళకి ముందే తెలుసంటయ్యా అన్నాను. అతను అద్దంలో నా మొహం చూసి, "మా వోడు ఏమవుతాడో తెలిస్తే నాకూ ఓ ముక్క చెప్పమనండి పెద్దాయనా, ఆరేళ్ళ నించి బీటెక్‌లోనే ఉన్నాడు" అన్నాడు. పచ్చ సిగ్నలు పడింది. అతను నవ్వుతూనే ఉన్నాడు గాని నాకు నవ్వు రాలేదు. ఆటోనగర్ గేటు దగ్గర దిగేదాకా ఆ వరండా, ఆ ఎత్తిన చేతులు కళ్ళముందే ఉన్నాయి.

ఆటోనగర్‌లో నాకో షెడ్డు ఉంది. లారీల క్రాంకుషాఫ్టులు అరిగిపోతే గ్రైండింగు చేసి ఇస్తాం. ఇప్పుడు పని మా పెద్దవాడు చూసుకుంటున్నాడు, నేను వాణ్ణి చూసుకుంటున్నట్టు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. బడిలో నేను చదివింది చాలా కొంచెం. తర్వాత చదివిందంతా బేరింగులు చుట్టి వచ్చిన పాత పేపర్లలోనూ, ఆదివారాలు లైబ్రరీ రీడింగు రూములోనూ. ఇంగ్లీషు మాత్రం స్పేరుపార్టుల కేటలాగుల్లో నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ నట్లూ బోల్టులూ ఎక్కువ, వాటిని కలిపే మాటలు తక్కువ. పేపర్లో అన్యాయం అని ఏదైనా కనిపిస్తే ఎడిటరుకి రాయడం నాకు అలవాటు. రాసినవాటిలో చాలావరకు వేశారు కూడా, కోపం ఉన్న వాక్యాలు తీసేసి.

మా సొంతూరు చల్లపల్లి దాటాక, కాలవ గట్టు వెంబడి. ఊరికి కాదు, ఊరి చివరి పేటకి చెందినవాళ్ళం. మా అమ్మ నాట్లకీ కలుపులకీ పోయేది. ఆమె పోయినప్పుడు మా తమ్ముణ్ణి ఎత్తుకోవడం మా చెల్లెలి పని. వాణ్ణి చంకనేసుకునే బడికొచ్చేది. చంకలో పిల్లాడు, చేతిలో పలక, అలాగే నిలబడి లెక్క చేసి పంతులుగారికి చూపించేది. నాకు రాని లెక్కలు దానికొచ్చేవి. ఒకరోజు పంతులుగారి భార్య బడికొచ్చి, ఈ పిల్ల చంటివాణ్ణి ఎంత పొందిగ్గా ఎత్తుకుందో చూశారా అంది. ఆమెకప్పుడు చేతిలో చంటిబిడ్డ. మర్నాడు పంతులుగారు మా నాన్నని పిలిపించి, "మీ పిల్లకి పసిపిల్లలంటే ప్రాణంరా, మా ఇంట్లో ఉండనీ, తిండికి లోటుండదు" అన్నారు. మా నాన్న చేతులు కట్టుకుని సరేనన్నాడు. చెడ్డగా ఎవరూ మాట్లాడలేదు, మెచ్చుకునే పంపారు. మా చెల్లెలు మళ్ళీ పలక పట్టుకోలేదు. నిజానికి దానికి పసిపిల్లలంటే ప్రాణమేమీ కాదు. తమ్ముడు చంక దిగకపోతే తొడపాశం పెట్టేది. వాడు ఏడిస్తే, చీమ కుట్టిందనేది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు. పంతులుగారికి ఎవరు చెబుతారు.

ఆ చెల్లెలు ఇప్పుడు లేదు. దాని కూతురు, అంటే నా మేనకోడలు, ఆ పేటలోనే ఉంటుంది. మేనకోడలి మొగుడు కాలవ లాకుల దగ్గర లస్కరు. ఏ కాలవకి ఎప్పుడు నీళ్ళు వదలాలో పైనుంచి కబురొస్తే, షట్టరు తిప్పేది అతనే. వాళ్ళ పెద్దమ్మాయి గురించే ఈ గొడవంతా. చిన్నప్పుడు నాన్నతోపాటు లాకుల మీద కూర్చుని, కిందికి ఉరికే నీళ్ళని చూస్తూ ఉండేది. నేను ఊరెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేది. షట్టరు కొంచెమే ఎత్తితే నీళ్ళు అంత విసురుగా ఎందుకొస్తాయి, నిండా ఎత్తితే ఎందుకు నెమ్మదిస్తాయి, కాలవ మొదట్లో చేలు మునుగుతుంటే చివర మన చేలు ఎందుకు ఎండుతాయి. చివరి ప్రశ్నకి నా దగ్గర పెద్ద ఉపన్యాసమే ఉంది. అది మొదలుపెడితే, అది కాదు తాతయ్యా, లెక్క చెప్పు అనేది. లెక్క నాకు రాదు.

ఆ పిల్ల వంట కూడా చేసేది. వాళ్ళమ్మ నాట్ల రోజుల్లో తెల్లారకముందే పోతుంది, మిగతా రోజుల్లో రొయ్యలు వలిచే షెడ్డుకి పోతుంది. ఆ పేటలో ఏ ఇంటికెళ్ళినా పెద్దాడపిల్లే పొయ్యి దగ్గర ఉంటుంది. మా పిల్ల చేసే చింతచిగురు పప్పు బాగానే ఉంటుంది గాని, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చేస్తుంది కాబట్టి అడుగంటకుండా ఉన్న రోజు నేనెరగను.

అలాంటి పిల్ల ఒక సాయంత్రం ఫోను చేసి, "తాతయ్యా, నాకు సేవాగుణం ఉందంట" అంది.

"ఎవరన్నారు?"

"కెరీర్ మేడమ్. మా బళ్ళోకొచ్చారు. నేను ఎంపీసీ తీసుకోకూడదంట. విజయవాడలో పేషెంట్లని చూసుకునే కోర్సంట, హాస్టలు ఫ్రీ అంట. అమ్మ ఒప్పేసుకుంది."

"నీ మార్కులు చూశారా?"

"చూళ్ళేదు. చెయ్యి చూశారు."

అప్పుడు చెప్పింది చేతులెత్తిన సంగతి. ఏదో ట్రస్టు వాళ్ళు ప్రభుత్వ బడులకొచ్చి, పిల్లలు ఏం చదవాలో సలహా చెబుతున్నారు. ముందు కొన్ని ప్రశ్నలు. అన్నం వండేదెవరు, చంటిపిల్లల్ని చూసుకునేదెవరు, ఇంట్లో జబ్బుపడినవాళ్ళకి సాయం చేసేదెవరు, ఇంట్లో కంప్యూటరున్నదెవరికి, సైన్సు మ్యూజియం చూసిందెవరు. మా పేట పిల్లలు మొదటి ప్రశ్నలకి టకటకా చేతులెత్తేశారు. చర్చిలో ఆదివారం బడి టీచరు, పని చెయ్యడంలో సిగ్గు లేదు, చేసే పని ధైర్యంగా చెప్పుకోండి అని వాళ్ళకి ఎప్పుడూ చెబుతుంది. అందుకని అందరికన్నా పైకెత్తారు. ఊళ్ళో పిల్లల్లోనూ అమ్మ పొలం పోతే వండేవాళ్ళున్నారు, వాళ్ళు పక్కవాళ్ళ మొహాలు చూసి, చేతులెత్తకుండా నేలచూపులు చూశారు. కులం ఎవరూ అడగలేదు. అడగకుండానే ఊరు ఒక గదిలోకీ పేట ఒక గదిలోకీ సర్దుకున్నాయి, ఒకళ్ళిద్దరు అటూ ఇటూ అయ్యారంతే.

మర్నాడే బస్సెక్కాను. ఉయ్యూరు దాకా మనసులో తిట్లు పేర్చుకున్నాను. పామర్రు దాటాక, బడిలో ఆడవాళ్ళుంటారు కదా అని వాటిని తీసేసి సెక్షన్లూ, చట్టాలూ పేర్చుకున్నాను. కూచిపూడి వచ్చేసరికి సెక్షన్ల నంబర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బడికి చేరేటప్పటికి నా దగ్గర కోపం ఒక్కటే మిగిలింది.

హెడ్మాస్టరు మంచివాడే. కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని, "మన పిల్లల మంచికేనండీ. హాస్టలు ఫ్రీ, కోర్సవగానే ఉద్యోగం. ఇంజనీరింగు చదివి ఎంతమంది ఖాళీగా తిరగట్లేదు చెప్పండి" అన్నాడు.

"మన పిల్లలన్నారు బావుంది. మీ అమ్మాయి ఆ గదిలో కూర్చుందాండీ?"

"మా అమ్మాయి విజయవాడలో చదువుతుందండీ" అన్నాడు.

"ఏం చదువుతుంది?"

"ఎంపీసీ" అని మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు.

ఆ కెరీర్ మేడమ్ ఆ రోజు అక్కడే ఉంది. ఎలా ఉంటుందో అని నేననుకున్న మనిషి కాదు. మా చిన్న కోడలి వయసు, నూలు చీర, మెడలో ట్రస్టు కార్డు, మోటారు సైకిలు మీద తిరిగి తిరిగి ఎండకి కమిలిన మొహం. నన్ను చూసి లేచి నిలబడింది. ఆవిడ కూర్చుంటే తిట్టడానికి వీలుగా ఉండేది.

"మేం కులం అడగమండీ" అంది. "మా పద్ధతిలో అది చాలా గట్టి రూలు. పిల్లలకి ఏ పని అలవాటుందో, ఏ నైపుణ్యం ఉందో అదే చూస్తాం."

"అడగనక్కర్లేదమ్మా. అన్నం ఎవరొండుతారని అడిగారు, సరిపోయింది. మా పిల్ల వండేది సేవాగుణం ఉండి కాదు. వాళ్ళమ్మ ఇంట్లో ఉండదు కాబట్టి."

"అలవాటైన పనిలో రాణిస్తారు కదండీ."

"మీరు చిన్నప్పుడు బడయ్యాక ఏం చేసేవారు?"

"కూచిపూడి నేర్చుకున్నానండీ. మా అమ్మమ్మవాళ్ళది ఆ పక్క ఊరే. ఇంటరు దాకా నేర్చుకున్నాను."

"మరి మిమ్మల్ని డాన్సుకే ఎందుకు పంపలేదు?"

"అది హాబీ కదండీ" అని, ఆ మాట పూర్తిగా నోట్లోంచి రాకముందే ఆగిపోయింది.

మీ ఇంట్లో చేసింది హాబీ అయింది, మా ఇంట్లో చేసింది తలరాత అయిందా అమ్మా అన్నాను. గట్టిగానే అన్నాను. హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ కార్డు తాడుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. రోగుల్ని చూసుకోవడం తక్కువ పనని నేననలేదు, ఇప్పుడూ అనను. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో అలాంటి పిల్లే కూతురిలా చూసుకుంది. ఆ పిల్లకి నేను దణ్ణం పెట్టాను. కాని ఆ పని కోరుకుని రావడం వేరు, వరండాలో కూర్చోబెట్టి అటు పంపడం వేరు. అదే ఆవిడకి చెప్పాను. చెబుతుంటే కోపం కొంచెం దిగింది. కాసేపటికి ఆవిడ, "నేను సాయంత్రం మీ ఇంటికి రావచ్చాండీ" అంది.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే మా మేనకోడలు నామీద విరుచుకుపడింది. రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది, చేతులు ఐసునీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నువ్వు ఆటోనగర్లో ఫ్యాను కింద కూర్చుని న్యాయం మాట్లాడతావు మావయ్యా. రెండేళ్ళ ఇంటరు, నాలుగేళ్ళ ఇంజనీరింగు, అప్పటిదాకా దీన్ని ఎవరు పోషిస్తారు? ఆ కోర్సైతే వచ్చే ఏడాదికే దాని కాళ్ళమీద అది నిలబడుద్ది. ఈ వాసన దానికంటకుండా ఉంటే చాలు నాకు" అంది. అందులో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. నా చట్టాలూ సెక్షన్లూ ఆ చేతుల ముందు ఎందుకూ పనికిరాలేదు. నేను పోషిస్తానన్నాను. "ఎంతకాలం ఉంటావేంటి నువ్వు" అంది. మా చెల్లెలి నోరే దానికొచ్చింది.

కెరీర్ మేడమ్ గట్టు మీదుగా బండి వేసుకుని వచ్చేసరికి మా పిల్ల పొయ్యి దగ్గరుంది. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఆవిడ దాన్ని పక్కకి జరిపి, పొయ్యికి దగ్గరగా పీట మీద కూర్చుంది. కూర్చుని, "నీకేం చదవాలనుందమ్మా" అని అడిగింది. అంతే అడిగింది. ఆ ప్రశ్న బడిలో కూడా అడగొచ్చు, అడగడానికి ట్రస్టులూ కార్డులూ అక్కర్లేదు. కాని అప్పటిదాకా ఆ పిల్లని అది అడిగినవాళ్ళు లేరు. ఆలోచిస్తే, నేనూ ఉపన్యాసాలు చెప్పానే గాని ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు.

పిల్ల గరిటె తిప్పుతూనే చెప్పింది. "మా నాన్న షట్టరు తిప్పుతాడు మేడమ్. ఎంత తిప్పాలో పైనుంచి ఫోను చేసి ఎవరో చెబుతారు. చివరి చేలకి నీళ్ళు రాకపోతే అందరూ మా నాన్నని తిడతారు. ఆ ఫోను చేసేవాళ్ళు ఏం లెక్క చూసి చెబుతారో నాకు నేర్చుకోవాలనుంది."

అంతవరకూ గుమ్మంలో నిలబడి ఒక్క మాటా మాట్లాడని లస్కరు, "మొన్న కూడా తిట్టారు" అన్నాడు మెల్లగా. మేనకోడలు అతని మొహం చూసి తల తిప్పుకుంది. కెరీర్ మేడమ్ చాలాసేపు కూర్చుంది. ఎంపీసీ చదివే ఆడపిల్లలకి సర్కారు హాస్టలు ఎక్కడుంది, పాలిటెక్నిక్‌లో ఎట్లా చేరొచ్చు, ఎప్పటికల్లా సొంత కాళ్ళమీద నిలబడుతుంది, అన్నీ మా మేనకోడలికి విప్పి చెప్పింది. ఇంజనీరు కావడానికి ఒకటే దారి లేదని అప్పుడే నాకూ తెలిసింది. చివరికి మేనకోడలు, "మరి ముందే ఇట్లా చెప్పొచ్చుగా అమ్మా" అంది. ఆవిడ తలదించుకుని, చెప్పాల్సిందండీ అంది. వెళ్ళేముందు తట్టెడు చింతచిగురు ఇస్తే వద్దనకుండా తీసుకుంది.

ఆవిడ బండి ఎక్కుతుంటే మా పిల్ల వెనకాలే వెళ్ళింది. "నాతోపాటు ఆ గదిలో కూర్చున్నవాళ్ళని కూడా అడగండి మేడమ్" అంది. ఆవిడ అడుగుతానంది. అడగాలనే అనుకుంది, అది ఆ మొహంలో కనిపించింది. కాని ఆ కోర్సు లిస్టులోంచి మా పిల్ల పేరు తీయించడానికే ఆవిడ పై వాళ్ళతో తగువులాడాల్సొచ్చింది. మిగిలినవాళ్ళ పేర్లు అప్పటికే వెళ్ళిపోయాయి, అమ్మానాన్నలు సంతోషంగా సరేనన్నారు. బడులు తెరిచే రోజుల్లో ట్రస్టు బస్సొచ్చి వాళ్ళని ఎక్కించుకుపోయింది. మా పిల్ల గట్టు మీద నిలబడి చెయ్యి ఊపింది. వాళ్ళూ ఊపారు.

నేనూరుకోలేదు. విజయవాడలో ఆ ట్రస్టు ఆఫీసుకి ఎన్నిసార్లెళ్ళానో నాకే తెలియదు. చల్లని గది, మెత్తని సోఫా, అల్లం టీ. పోయినప్పుడల్లా ఒకటే అడిగాను: ఆ గదిలోకి పంపిన పిల్లల్ని మళ్ళీ ఎవరైనా అడుగుతారా, లేదా? పరిశీలనలో ఉందన్నారు. మీలాంటి పెద్దల సూచనలు మాకు ఎంతో విలువైనవన్నారు. ఒకసారి శాలువా కప్పబోతే లేచి వచ్చేశాను. తర్వాత కాళ్ళు సహకరించక వెళ్ళడం తగ్గింది. మా పిల్ల ఇంటరయ్యి, విజయవాడలోనే సివిల్ ఇంజనీరింగులో చేరింది. ఆదివారాలు షెడ్డుకొచ్చి నా పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటుంది, నేను ఉపన్యాసం మొదలుపెడితే ఇప్పటికీ లెక్క చెప్పమంటుంది.

ఆ ఫ్లెక్సీ చూసిన రోజు ఉండబట్టలేక కెరీర్ మేడమ్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం తనే షెడ్డుకొచ్చింది. కణతల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు, మెడలో కార్డు లేదు. గ్రైండింగు మిషన్ల మోతలో మాటలు వినపడవని మా పెద్దవాడు మిషన్లు ఆపించాడు. బాగున్నారా అని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. స్టూలు మీద కూర్చుని, ట్రస్టు ఆఫీసులో నేనడిగిన ప్రశ్నకి ఆవిడ చెప్పిన జవాబు, నాకు గుర్తున్నంతవరకు, ఇది.

"చేతులెత్తించడం మాన్పించానండీ. అందుకు చాలా పోట్లాడాల్సొచ్చింది, అయినా అది తేలికే. ముందు పిల్లల్నే అడగాలని ఇప్పుడు రూలు పెట్టారు. తర్వాత నేను ఆ ఉద్యోగం మానేసి, ఆ గదిలోకి నేను పంపినవాళ్ళని వెతుక్కుంటూ తిరిగాను. కొంతమంది ఆ పనిలో సుఖంగానే ఉన్నారు, అది కూడా మీకు చెప్పాలి. ఒకమ్మాయి గన్నవరం దగ్గర ఒక ముసలావిణ్ణి చూసుకుంటూ కనిపించింది. మీ మనవరాలి పక్కన కూర్చున్న పిల్లే. నన్ను చూసి ఎంత సంతోషపడిందో, టీ పెట్టిచ్చింది. నీకప్పుడు ఏం చదవాలని ఉండేదమ్మా అని అడిగాను. చాలాసేపు ఆలోచించిందండీ. 'అప్పుడే అడిగుంటే చెప్పేదాన్ని మేడమ్, ఇప్పుడు గుర్తు రావట్లేదు' అంది."